నేను తర్జుమా చేసిన వారం

ఆ వారం జరిగినప్పుడు నాకు ఇరవై ఒకటో ఏడు. పి.యు.సి. రెండుసార్లు తప్పి, నెల్లూరు బోర్డింగులో పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేసి ఉన్నాను. మా ఇల్లు మైపాడుకు దక్షిణంగా, ఉప్పుకాలవకూ సముద్రానికీ నడుమ ఉండే ఒక పాలెంలో. మా నాన్న అక్కడ ఉపదేశి. నెల్లూరు మిషనులో ఉండే పెద్ద దొర నెలకోసారి వచ్చి ప్రసంగం చేసి పోయేవాడు. మిగతా రోజుల్లో ఆరాధనా, పెళ్ళీ, చావూ, మొగుడూ పెళ్ళాల తగువూ అన్నీ మా నాన్న చేతుల మీదనే జరిగేవి. చుట్టుపక్కల నాలుగు పాలేల్లో సంఘంలో చేరిన ఇళ్ళన్నీ ఆయన మాట మీద నడిచేవి. ఆ మాట చెల్లుబడి కావడమే ఆయనకున్న ఆస్తి.

ఆ సంవత్సరం వేసవి ముదరక ముందు, ఒక సోమవారం పొద్దున బల్లకట్టు మీద కాలవ దాటి ఒక తెల్లవాడు వచ్చినాడు. మేము చూసిన దొరలందరూ నడివయసు దాటినవాళ్ళు, ఖాకీ టోపీలు పెట్టుకుని నింపాదిగా నడిచేవాళ్ళు. ఇతను నా ఈడువాడు. తెల్లచొక్కా, మెడకు నల్ల టై, కాళ్ళకు బూట్లు. ఎండకు చెవులు కందిపోయి ఎర్రగా ఉన్నాయి. చేతిలో చిన్న తోలుపెట్టె. బల్లకట్టు దిగుతూ బురదలో జారి మోకాళ్ళ మీద పడి, తనే నవ్వుకుంటూ లేచినాడు.

అమెరికా నుంచి వచ్చినాడట. వాళ్ళను మోర్మనులంటారట. రెండేళ్ళు పరాయి దేశంలో తిరిగి తమ మతం చెప్పుకుని ఇంటికి పోవడం వాళ్ళ పిల్లలకు ఆచారమట. ఇద్దరిద్దరుగానే తిరగాలి, ఒకరి కంటికి ఒకరు మరుగు కాకూడదు, అది నియమం. రెండోవాడు మద్రాసులో కామెర్లతో పడి ఉన్నాడు. ఈ వారానికి ఇక్కడివాడినెవరినైనా తోడు పెట్టుకోమని పైనుంచి చెప్పినారట. ఇంగ్లీషు వచ్చినవాడు పాలెంలో నేనొక్కడినే.

"ఈ వారం నువ్వే నా జోడీ, బ్రదర్," అని నా చెయ్యి పట్టుకుని ఊపినాడు.

అతన్ని మా వసారాలో కూర్చోబెట్టి మా నాన్న నన్ను పెరట్లోకి పిలిచినాడు. తరిమేస్తే తెల్లవాడిని అవమానించినారని నెల్లూరు దొరకు కోపం రావచ్చు. ఉంచుకుంటే సంఘం చీలిపోవచ్చు. ఆయన గొంతు తగ్గించి అన్నాడు:

"ఆయన చెప్పేది చెప్పినట్టు చెప్పబాక. రోంత అటూ ఇటూ చేస్తే చాలు. మనోళ్ళు నవ్వుకోవాల. ఒకసారి నవ్వినారంటే ఇంక ఆ మనిషి మాట నమ్మరు."

నాకు ఇంకెవరూ చెప్పనక్కరలేకపోయింది. పరీక్ష తప్పి వచ్చినప్పటి నుంచి పాలెంలో నన్ను చూసి నవ్వని మనిషి లేడు. వాళ్ళు నవ్వడానికి ఇంకొకడు దొరికినాడు.

ఆ సాయంత్రం వలలు ఆరేసే చోట జనం పోగైనారు. అతను నిలబడి, టై సర్దుకుని, నెమ్మదిగా చెప్పినాడు. తన తండ్రికి ఉర్లగడ్డల చేనూ ఆవులూ ఉన్నాయనీ, తను చిన్నప్పటి నుంచి పాలు పితికేవాడిననీ, బయలుదేరిన రోజు వాళ్ళమ్మ స్టేషన్లో ఏడ్చిందనీ.

నేను తెలుగులో చెప్పినాను: "ఈయనకు గొడ్ల దగ్గర పని చేతకాలేదంట. తిండి దండగని వాళ్ళమ్మ రైలెక్కించి పంపేసినాదంట."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్ళు విరగబడి నవ్వినారు. అతను నా వంక తిరిగి, సంతోషంతో మొహం వెలిగిపోతుండగా, "మీ వాళ్ళు ఎంత కలుపుగోలు మనుషులు!" అన్నాడు.

మంగళవారమంతా అదే వరస. అతను పరలోకం గురించి ఒకటి చెపితే నేను ఇంకొకటి చెప్పేవాణ్ణి. జనం నా నోటి కోసమే వచ్చేవాళ్ళు. ముసలివాళ్ళు సైతం "ఏందబ్బయ్యా, ఇయ్యాళ ఏం చెప్పిస్తావు?" అని ముందే అడిగి కూర్చునేవాళ్ళు. ఇరవై ఒక్కేళ్ళలో నేను అంత గొప్పవాణ్ణి అయింది లేదు.

బుధవారం పొద్దున కాఫీ సంగతి. వాళ్ళ మతంలో కాఫీ, టీ తాగకూడదు. ఎవరింట్లో ఇచ్చినా చేతులు జోడించి వద్దనేవాడు. అది ఆడవాళ్ళకు తప్పుగా తోచింది, మన చేతి నీళ్ళు పనికిరావా అని. నేనూ ఇంకో ఇద్దరూ కలిసి, బెల్లం వేసి కాచిన కాఫీ గ్లాసులో పోసి, చింతగింజలు వేయించి చేసిన కషాయమని, దగ్గుకు మంచిదని చెప్పి ఇచ్చినాము. వాసన తెలియదా అని మీరు అడగవచ్చు. అతను పుట్టినప్పటి నుంచి వాళ్ళింట్లో కాఫీ కాచి ఉండరు, ఏం తెలుస్తుంది? బాగుందని రెండో గ్లాసు కూడా తాగినాడు. అప్పుడు వెనక నుంచి ఒకడు "కాఫీ! కాఫీ!" అని అరిచినాడు. ఆ మాట ఏ భాషలోనైనా అదే.

అతను గ్లాసు కింద పెట్టి, సరివి తోటలోకి నడిచి, చెట్టు పట్టుకుని గొంతులో వేలు పెట్టుకున్నాడు. వెనకాలే పోయి అందరూ చూసినారు. తిరిగి వచ్చేటప్పుడు కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. నాతో అన్నాడు, "తెలియక చేసి ఉంటారులే, బ్రదర్. నువ్వు వాళ్ళను కోప్పడవద్దు."

అతనికి నా మీద అనుమానం రాలేదని తెలిసి నాకు సిగ్గు వేయలేదు. ఇంత వెర్రివాడు ఉంటాడా అని అసహ్యం వేసింది. నిజంగా అట్లాగే అనిపించింది.

ఆ మధ్యాహ్నమే ఒక ఆమె వచ్చింది. ఆమెను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ముందటి ఏడు గాలివానలో భర్త తెప్పతో సహా పోయినాడు. ఎండుచేపలు చేసి అమ్ముకుంటూ ఒక్క కూతురిని సాకుతుండేది. ఆ పిల్లకు ఏడేళ్ళు. ముందుపళ్ళు రెండు ఊడిపోయి ఉండేవి. ఆదివారం ప్రార్థన ఎప్పుడు అయిపోతుందా అని కాచుకుని, అందరికంటే ముందు "ఆమేన్" అని కేక పెట్టేది. మా నాన్న కూడా నవ్వు ఆపుకోలేకపోయేవాడు. ఆ పిల్లకు పదిరోజుల కిందట ఇసకలో తుప్పుపట్టిన గాలం ఒకటి పాదంలో దిగింది. తీసేసినారు, పసుపు పెట్టినారు, మానినట్టే ఉంది. ఇప్పుడు జ్వరం.

"ఆయన తలమీద నూనె పెట్టి ప్రార్థన చేస్తాడంటనే. మా పిల్లకు చెయ్యమని చెప్పు నాయనా," అన్నది.

ఆ ఇంటికి పోయినాము. పిల్ల చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. మెడ బిగుసుకుని ఉంది. పలకరిస్తే నవ్వినట్టు పెదాలు పక్కకు లాక్కున్నాయి గానీ నోరు తెరుచుకోలేదు. అతను మోకాళ్ళ మీద కూర్చుని పాదం చూసినాడు, గడ్డం పట్టుకుని చూసినాడు. మొహంలో రంగు మారిపోయింది.

"ఇది నేను చూసినాను. మా పక్క చేనులో పనివాడొకడు మేకు గుచ్చుకుని ఇట్లాగే పోయినాడు. దవడ బిగుసుకుంటే ఇంక వేళ లేదు. ఈ పూటే ఆసుపత్రికి పోవాలి. బస్సు దాకా నేను ఎత్తుకుని వస్తానని చెప్పు. అక్కడ మందు ఉంటుంది. ప్రార్థన ఇప్పుడే చేస్తాను, కానీ ముందు ఆసుపత్రి. బ్రదర్, ఇది సరిగ్గా చెప్పు."

గుమ్మంలో పదిమంది నిలబడి ఉన్నారు, నేను ఏం చెపుతానా అని నా మొహం చూస్తూ. పిల్లకు ఉత్త జ్వరమనే అనుకున్నాను. తెల్లవాడు చిన్నదానికి బెదిరిపోతున్నాడనుకున్నాను. వారం ముగిసే శనివారం నాటికి అతని పరువు పూర్తిగా పోవాలంటే ఇదే మంచి అదననుకున్నాను.

"అక్కా, ఈయన నూనె పెడతాడంట. శనివారానికి పిల్ల లేచి నడుస్తాదంట. అంతవరకూ మందూ మాకూ ఏమీ వద్దంట," అన్నాను.

ఆమె రెండు చేతులూ ఎత్తి అతనికి దండం పెట్టింది. అతను జేబులోంచి చిన్న సీసా తీసి, పిల్ల నడినెత్తిన ఒక చుక్క వేసి, రెండు చేతులూ పెట్టి ప్రార్థన చేసినాడు. లేచి, "ఎప్పుడు బయలుదేరుతారంట?" అని అడిగినాడు.

"ఆమె తమ్ముడు బండి తెస్తాడు. చీకటి పడకముందే పోతారు. మనం అడ్డం ఎందుకు?" అన్నాను.

నమ్మినాడు.

గురువారం పొద్దున ఆ ఇంటి ముందు నుంచి ఒక్కడినే పోతున్నాను. ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి వచ్చింది.

"నాయనా, గంజి కూడా దిగడంలా. రోంత శబ్దమైతే చాలు, ఒళ్ళంతా విల్లు మాదిరి వంగిపోతావుంది. శనివారం దాకా ఓర్చుకోమనే గదా ఆయన చెప్పింది?"

అప్పుడు నాకు తెలిసింది, ఇది ఉత్త జ్వరం కాదని. ఇంకా పొద్దు ఉంది. కాలవ దాటితే బస్సు ఉంది. ఒక్క మాట చెపితే సరిపోయేది. కానీ ఆసుపత్రికి పొమ్మంటే, మరి నిన్న ఆయన వద్దన్నాడంటివే అని అడుగుతుంది. నలుగురూ అడుగుతారు. మా నాన్న పేరు బయటికొస్తుంది. అక్కడ నిలబడి ఇదంతా లెక్కవేసుకునే తీరిక నాకు దొరికింది.

"ఊ," అన్నాను. "అదే చెప్పినాడు."

ఆ రోజూ, శుక్రవారమూ అతన్ని ఉత్తరాన ఉన్న పాలేలకు తిప్పినాను, ఇంటి దగ్గర లేకుండా. దారిలో అడిగినాడు, పిల్ల ఆసుపత్రికి చేరిందా అని. చేరింది, మందు ఇచ్చినారు, కబురు వచ్చింది అన్నాను. అతను ఆ ఇసకలోనే, మండే ఎండలో, బూట్లతో సహా మోకరించి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. నన్ను కూడా పక్కన మోకరించమన్నాడు. మోకరించినాను.

శుక్రవారం సాయంత్రం తిరిగి వస్తుండగా తన సంగతులు చెప్పినాడు. ఇంటి మీద బెంగ పట్టుకుందనీ, రాత్రిళ్ళు ఏడుస్తుంటాననీ, జోడీకి కూడా చెప్పలేదనీ. "నీకు చెపుతున్నాను. నీ దగ్గర దాచబుద్ధి కాలేదు," అన్నాడు. నేను ఆలకిస్తున్నట్టు తల ఊపుతూ నడిచినాను. నా మనసంతా ఆ ఇంటి మీద ఉంది, ఏడుపు వినబడుతుందేమోనని.

శనివారం పొద్దెక్కేసరికి వినబడింది.

అతను అన్నం ముందు నుంచి లేచినాడు. ఎవరు అని అడిగినాడు. ఎవరో ముసలాయన అన్నాను. "అయితే మనం పోవాలి," అని నాకంటే ముందు నడిచినాడు. ఏడుపు వినబడే వైపే పోయినాడు, ఇంక నేను ఆపడానికి లేదు. ఆ గుమ్మం ముందుకు వచ్చి నిలబడిపోయినాడు. పిల్లను బయట చాప మీద పడుకోబెట్టినారు. వంగిన వీపు ఇంకా సరిగ్గా నేలకు ఆనలేదు.

"ఆసుపత్రిలో ఉందన్నావే," అన్నాడు నాతో.

నేను నోరు తెరిచేలోగా ఆమె వచ్చి అతని టై పట్టుకుంది. ఆ టై పట్టుకుని, అంత పొడుగు మనిషినీ కిందకు వంచేసి, పిల్ల దగ్గరికి ఈడ్చింది.

"శనివారం లేచి నడుస్తాదంటివే! ఇయ్యాళ శనివారమే! లేపు! లేపయ్యా! నడిపించు!"

"ఏమంటుంది? ఏమంటుంది బ్రదర్?"

"దుఃఖంలో తిడుతుంది," అన్నాను.

"ముందు ఆసుపత్రికి పొమ్మన్నాను గదా అని చెప్పు. ఎందుకు పోలేదో అడుగు. దయచేసి అడుగు."

పాలెమంతా మా చుట్టూ ఉంది. మా నాన్న ఒక పక్కన, చంకలో పుస్తకంతో నిలబడి నా వంక చూస్తున్నాడు. నేను ఆమె వైపు తిరిగినాను. అప్పుడు నా నోట వచ్చిన మాట నేను ముందుగా అనుకున్నది కాదు. చావు జరిగిన ఇళ్ళలో మా నాన్న అనగా చాలాసార్లు విన్న మాట.

"నీకు విశ్వాసం చాల్లేదంట అక్కా. అందుకే బిడ్డ దక్కలేదంట."

ఆమె టై వదిలేసింది. ఆ తర్వాత ఆడవాళ్ళు మొదలుపెట్టినారు. ముందు ఇసక, తర్వాత చేపలు కోసి పారేసిన పేగులూ తలకాయలూ. మగవాళ్ళు చేతికందిన తెడ్లు తీసుకున్నారు. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. పడిపోయినాడు, లేచినాడు, మళ్ళీ పడినాడు. నూనె సీసా జేబులోనే పగిలి, గాజు గుచ్చుకుని, తెల్లచొక్కా మీద రక్తమూ నూనే కలిసి జారినాయి. పెద్దకాపు వచ్చి ఆపకపోతే చంపేసి ఉండేవాళ్ళు. పెద్దకాపంటే ఆ పాలేనికి కులపెద్ద, ఆయన మాటే చట్టం. ఆయన అడ్డం నిలబడి చెప్పినాడు: "వీడు ఈ నేల మీద ఉండకూడదు. బల్లకట్టు ఎవురూ వెయ్యకూడదు. నీళ్ళలో దిగి పోమను."

అతను ఆ తోలుపెట్టె నెత్తిన పెట్టుకుని, బూట్లతోనే ఉప్పుకాలవలోకి దిగినాడు. నీళ్ళు రొమ్ముల దాకా వచ్చినాయి. ఈ గట్టు మీద జనం నిలబడి రాళ్ళు వేస్తున్నారు, నేను వాళ్ళలో ఉన్నాను. నడి కాలవలో అతను ఆగి, వెనక్కి తిరిగి నన్ను వెతికినాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది.

"బ్రదర్! నా మూలంగా నిన్నేమీ చెయ్యరు గదా?" అని అరిచినాడు.

"ఏమంటున్నాడు?" అని పక్కవాళ్ళు అడిగినారు.

"శాపనార్థాలు పెడుతున్నాడు," అన్నాను. ఇంకో నాలుగు రాళ్ళు పడినాయి.

మర్నాడు ఆదివారం గుడి కిటకిటలాడింది. అబద్ధ ప్రవక్తల గురించి మా నాన్న చాలా బాగా ప్రసంగం చేసినాడు. ఆ పిల్ల తల్లి ముందు వరసలో, కింద కూర్చుని ఉంది. ఆరాధన అయినాక మా నాన్న నా తలమీద చెయ్యి పెట్టినాడు. పరీక్ష తప్పినప్పటి నుంచి ఆయన నన్ను తాకడం అదే మొదలు.

నెలన్నరకు మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. నిజం కనిపెట్టి ఉంటాడనుకుంటూ చింపినాను. కనిపెట్టలేదు. తప్పంతా తనదేనని రాసినాడు. ఆ పూటే తనే ఎత్తుకుని పోవలసిందనీ, బండి వస్తుందన్న మాట విని ఊరుకున్నాననీ, పిల్ల చేరిందన్న కబురు నీకు ఎవరో తప్పు చెప్పి ఉంటారనీ, అందుకు నువ్వు బాధపడవద్దనీ. ఆ తల్లి దగ్గరికి పోయి తన తరఫున క్షమాపణ అడగమన్నాడు. "నాకు దొరికిన జోడీలలో నువ్వు మంచివాడివి," అని చివర రాసినాడు.

ఆ ఉత్తరం పొయ్యిలో వేసినాను. జవాబు రాయలేదు. ఆమె దగ్గరికి పోలేదు.

తర్వాత నేను పి.యు.సి. పాసై, ట్రైనింగు ముగించి, కావలి దగ్గర ఒక బడిలో టీచరునైనాను. ఒకసారి ఒక డాక్టరును మాటల సందర్భంలో అడిగినాను, అట్లాంటి జబ్బు చేసిన పిల్లను దవడ బిగుసుకున్న రోజే ఆసుపత్రికి తెస్తే బతుకుతుందా అని. చెప్పలేము, చాలామంది బతకరు అన్నాడు ఆయన. ఆ మాట పట్టుకుని కొన్నేళ్ళు నిద్రపోయినాను. చాలామంది అంటే అందరూ కాదని నాకు తెలియక కాదు.

మా నాన్న పోయినాక, పాలెం విడిచి ఏడేళ్ళకు, ఇల్లు ఖాళీ చేయడానికి పోయినాను. ఆమె ఇంకా అక్కడే ఉంది. మిట్టమధ్యాహ్నం ఇసకలో చేపలు ఎండేసుకుంటోంది. ముసలిదైపోయింది, నిండా నలభై ఉండవు. నేను పోయి నిలబడి, మొదటి నుంచి చివరిదాకా చెప్పినాను. ఆయన బుధవారం నాడే ఆసుపత్రికి పొమ్మన్నాడనీ, ఎత్తుకుని వస్తానన్నాడనీ, విశ్వాసం మాట ఆయనది కాదనీ.

ఆమె చేతిపని ఆపలేదు. ఒక్కొక్క చేపనూ తిరగేస్తూనే వినింది. అంతా అయినాక, తల ఎత్తకుండానే అడిగింది:

"ఇప్పుడెందుకు చెపుతుండావు?"

"మనసులో పెట్టుకోలేక, అక్కా."

"అది నా మనసులో పెట్టేదానికి వచ్చినావు." ఆమె గొంతులో కోపం కూడా లేదు. "నాకు విశ్వాసం చాల్లేదనే ఇన్నేళ్ళూ మోకాళ్ళు అరగదీసుకున్నా. దేవుడితో పోట్లాడినా. ఆ తెల్లోడిని తిట్టుకున్నా. అన్నీ అయిపోయి, రోంత అన్నం తినగలుగుతుండా. ఇప్పుడు బుధవారం పొద్దు ఉండిందని చెపుతుండావా? గురువారం కూడా ఉండిందని చెపుతుండావా?"

నేను ఆమె కాళ్ళ మీద పడబోయినాను. కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"ఎవురికీ చెప్పబాక. నా బిడ్డ నీ నవ్వులాటకు పోయిందని నలుగురి నోటా వినలేను."

గంప తీసుకుని అవతలి వరస దగ్గరికి పోయింది. నేను ఇంకా ఏదో అంటుందని అక్కడే నిలబడి ఉన్నాను. ఇసకలో నా నీడ చేపల మీద పడుతోంది. ఆమె వెనక్కి తిరిగి చూసి, ఇంకా పోలేదా అన్నట్టు కళ్ళు చిట్లించింది.

"పక్కకు జరుగు," అన్నది. "ఎండకు అడ్డం వస్తుండావు."